సున్నపు గోడల చాటున గ్రంథములు
స్పెయిను దేశపు ధవళ గ్రామములు

స్పెయిను దేశమునకు దక్షిణమున ఆండలూసియా యను రాష్ట్రము గలదు. మధ్యధరా సముద్రతీరమునుండి లోపలి కొండలవైపు పయనించువారికి చరియలపై ఆరవేసిన తెల్లని వస్త్రములవలె కొన్ని పల్లెలు కానవచ్చును. అచ్చటివారు వీనిని ధవళ గ్రామములని పిలుతురు. మాలగా నగరమునకు తూర్పున నున్న ఫ్రిగిలియానా, కూతార్ అను గ్రామములు అట్టివి. వీని చరిత్ర గ్రంథాలయముల నాదరించు మనవంటివారు తప్పక తెలిసికొనదగినది.

ఫ్రిగిలియానా సముద్రమునకు కొలది మైళ్ల దూరమున, సుమారు 300 మీటర్ల ఎత్తున నున్నది. దాని పాతపేటలో బండి పోవుటకు వీలులేదు. సందులు మెట్లు మెట్లుగా మలుపులు తిరుగుచు పైకి బోవును. ఒక యింటి కప్పు వేరొక యింటి వాకిలికి సమముగ నుండును. కిటికీలు చిన్నవి, గోడలు మందమైనవి. సున్నపురాతిని బట్టీలో కాల్చి, నీట విరియించి, కుంచెతో వెల్ల వేయుట మన పల్లెలలో పండుగముందు చేయు పనివంటిదే. తెలుపు ఎండవేడిమిని వెనుకకు మరల్చును. సున్నము క్రిములను చంపును. అంటురోగముల కాలములందు ఈ యలవాటు మరింత వ్యాపించినది.

ఈ గ్రామముల సన్నివేశమును కల్పించినవారు అరబ్బు, బెర్బరు జాతుల ముస్లిములు. వారు క్రీ. శ. 711లో స్పెయినులో ప్రవేశించి, కొండలను సోపానములుగ చెక్కి, కాలువలు త్రవ్వి, తోటలు పెంచిరి. స్పానిషు భాషలో కాలువకును, చెరువుకును గల పేర్లు నేటికిని అరబ్బీ మాటలే. చక్కెరకు స్పానిషువారి పేరు 'అసూకర్'. ఇది అరబ్బీ 'సుక్కర్' నుండి వచ్చినది. ఆ మాటకు మూలము మన సంస్కృత 'శర్కర'. చెరకు మన దేశమునుండి పారశీకము మీదుగ ఆ తీరమునకు చేరినది. ఫ్రిగిలియానాలో చెరకుపానకము వండు కార్ఖానా ఇప్పటికిని గలదు. నారింజ పేరును అట్లే ప్రయాణము చేసినది.

1487లో మాలగాయు, 1492లో గ్రనాడాయు క్రైస్తవ రాజదంపతులగు ఫెర్డినాండు, ఇసబెల్లాల వశమయ్యెను. ఓడినవారి మతమును, ఆచారములను కాపాడుదుమని గ్రనాడా సంధిలో వ్రాసి యిచ్చిరి. పదియేండ్లైనను గడువకమునుపే ఆ మాట భంగమయ్యెను. 1499లో గ్రనాడాకు వచ్చిన మతాధిపతి సిస్నెరోస్ బలవంతపు మతాంతరములు జరిపించెను. నగరమందలి బిబ్‌రంబ్లా అంగడివీథిలో అరబ్బీ గ్రంథములను రాశిపోసి దహింపించెను. వైద్యగ్రంథములు మాత్రమే మంటనుండి తప్పించుకొనెను.

మతము మార్చుకొన్నవారిని 'మొరిస్కో'లనిరి. 1567లో రెండవ ఫిలిప్ రాజు శాసనము వారిపై ప్రకటింపబడెను. మూడేండ్లలో వారు కాస్టీలు భాష నేర్వవలెను. పిమ్మట అరబ్బీ మాటలాడరాదు, చదువరాదు, వ్రాయరాదు. స్నానశాలలు మూయవలెను. అప్పుడు ఫ్రాన్సిస్కో నూన్యెజ్ మూలే అను వృద్ధుడు అధికారులకు విన్నపము వ్రాసెను. భాష వేరు, మతము వేరనియు, మాల్టా ద్వీపమందలి క్రైస్తవులును అరబ్బీ మాటలాడుచున్నారనియు, తల్లినుడిని ముదుసలులు ఎట్లు విడువగలరనియు ఆతడు వాదించెను. ఆ మొర నెవరును ఆలకింపలేదు.

1568 డిసెంబరులో అల్పుహారా కొండలలో తిరుగుబాటు పుట్టెను. 1569 జూనులో ఫ్రిగిలియానా పైనున్న శిఖరమున ఘోరయుద్ధము జరిగి, మొరిస్కోలు ఓడిపోయిరి. ఆ కథ నేడు అచ్చటి వీథిగోడలపై పండ్రెండు పింగాణి పలకలలో వ్రాయబడియున్నది. 1570లో గ్రనాడా రాజ్యపు మొరిస్కోలను లోనాడులకు తరలించి, వారి యిండ్లలో ఇతర ప్రాంతములవారిని నిలిపిరి. 1609 మొదలు 1614 వరకు సుమారు మూడు లక్షలమందిని స్పెయినునుండియే వెడలగొట్టిరి. నిలిచినవి ఇండ్లు, కాలువలు, పేర్లు.

మరియొకటి కూడ నిలిచినది. 2003లో కూతార్ గ్రామమున ఒక పాతయింటిని బాగుచేయుచుండగా, గోడలో మూసివేసిన గూటినుండి మూడు అరబ్బీ వ్రాతప్రతులు బయటపడెను. అందొకటి అనేక శతాబ్దముల నాటి ఖురాను. తక్కిన రెండు ధర్మశాస్త్రాది విషయములు గల సంపుటములు. అవి ముహమ్మద్ అల్‌జయ్యార్ అను గ్రామ మతపండితునివి. సుమారు 1500 ప్రాంతమున ఆతడు వానిని దాచియుండునని పండితుల యభిప్రాయము. తరువాత ఆ యింట నెందరో కాపురముండిరి. ఏటేట గోడకు వెల్ల వేసిరి. లోన నేమున్నదో యెవ్వరు నెరుగరు. నేడవి మాలగా చరిత్రపత్ర భాండాగారమున భద్రముగ నున్నవి.

దాచినవన్నియు దక్కలేదు. 1884లో అరగాన్ ప్రాంతమున అల్మొనాసిద్ అను గ్రామమందు ఇట్లే నేలక్రింద అనేక గ్రంథములు దొరకగా, విలువ తెలియనివారు కొన్నింటిని మంటలో వేసిరి. ఒక విద్వాంసుడు వచ్చి మిగిలినవానిని రక్షించెను.

రాజు చేతిమంటకును, తెలియనివాని చేతిమంటకును గ్రంథము ఒక్కరీతినే కాలును. మొదటిదానిని ఆపుట సామాన్యులకు సాధ్యము గాకపోవచ్చును. రెండవదానిని ఆపుట మాత్రము ప్రతి గ్రామమునకును సాధ్యమే. మన అటకలమీద, పెట్టెలలో మూలుగుచున్న తాళపత్రములను, పాతపుస్తకములను పారవేయకమునుపు ఒక్కసారి గ్రంథాలయమునకు తెచ్చి చూపుడు. కూతార్ పండితునికి గోడ తప్ప వేరు శరణ్యము లేకపోయెను. మనకు తలుపులు తెరచిన గ్రంథాలయ మున్నది.