పొడి అక్షరాలు, పూర్తి మాటలు

మా నాన్నగారు అక్కయ్యకు ఉత్తరం రాసినప్పుడల్లా "చి.ల.సౌ." అని మొదలుపెట్టేవారు. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని పూర్తిగా రాస్తే కార్డులో ఒక వరస అక్కడే అయిపోతుందని ఆయన లెక్క. పెద్దలకు "మ.రా.శ్రీ.", భర్త పోయినావిడకు "గం.భా.స." తరచు రాసే మాటను రెండు మూడు అక్షరాలకు కుదించుకోవడం కంప్యూటరు మనకు నేర్పిన విద్య కాదు. అయితే ఆ పొడి అక్షరాలను విప్పుకునే పని చదివేవారిది.

టెలిగ్రాం వచ్చాక ఆ పని గుమాస్తా చేతికి వెళ్ళింది. పెళ్ళికి వెళ్ళలేనివారు తంతి ఆఫీసులో ఉండే శుభాకాంక్షల పట్టికలోంచి ఒక అంకె ఎంచుకునేవారు. తీగ మీద ఆ అంకె వెళ్ళేది. అవతలి ఊళ్ళో దానికి సరిపడే వాక్యం కాగితం మీదికి వచ్చేది. ఊరందరికీ ఒకే దీవెన అందినా ఎవరూ తప్పుపట్టలేదు. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం ఆగిపోయింది.

ఆ గుమాస్తా ఉద్యోగమే వర్డ్ ప్రాసెసర్‌కు వచ్చింది. తొలినాళ్ళ మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో "గ్లాసరీ" అని ఒక సదుపాయం ఉండేది. దాచుకున్న వాక్యానికి ఒక పొట్టిపేరు పెట్టుకుని, అది టైపు చేసి ఎఫ్3 మీట నొక్కితే వాక్యమంతా వచ్చి పడేది. ఆ సంస్థలో పనిచేసిన డీన్ హచమోవిచ్, అక్షరాలు తారుమారైన మాటలను దిద్దడానికి కూడా ఇది పనికొస్తుందని గమనించాడు. ఎఫ్3 ఎందుకు, మాట మాటకీ ఎలాగూ స్పేస్ నొక్కుతాం కదా, అదే చాలనుకున్నాడు. 1993లో వచ్చిన వర్డ్ 6లో అది ఆటోకరెక్ట్ అయింది. గ్లాసరీ ఆటోటెక్స్ట్ అయింది. ఆటోకరెక్ట్‌లో మామూలు పాఠమైతే 255 అక్షరాల దాకా దాచుకోవచ్చు. ఒక మనిషి కష్టం చెప్పుకోవడానికి అది చాలదని నాకు కువైట్‌లో తెలిసింది.

2018 జనవరి 29న ఇక్కడ క్షమాభిక్ష మొదలైంది. అకామా లేనివారు జరిమానా కట్టకుండా దేశం విడిచి వెళ్ళవచ్చన్నారు. ఫిబ్రవరి 22తో ముగియవలసిన గడువును ఏప్రిల్ 22 దాకా పొడిగించారు. కడప జిల్లావాళ్ళు, గోదావరి జిల్లాలవాళ్ళు ఎందరో కాగితాలు పట్టుకుని తిరిగిన రోజులవి. శుక్రవారాలు ఫర్వానియాలో ఒక మిత్రుడి గదిలో కూర్చుని, వారి విన్నపాలు ఇంగ్లీషులో టైపు చేసేవాణ్ణి. పని త్వరగా తెమలాలని ఆటోకరెక్ట్‌లో పొట్టిపేర్లు పెట్టుకున్నాను. "కుప" అని కొట్టి స్పేస్ నొక్కితే, "కుటుంబ పరిస్థితుల వల్ల స్వదేశానికి తిరిగి వెళ్ళదలచాను" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం పడేది. గంటకు పదిమంది పని అయిపోతుంటే, ఇంజనీరుగా నాకు ముచ్చటగానే ఉండేది.

ఒకరోజు రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒకావిడ, ఖద్దామాగా పనిచేసిన మనిషి, రాసింది చదివి వినిపించమంది. తెలుగులో చెప్పాను.

"కుటుంబమేందన్నా? పదకొండు నెల్లు జీతమియ్యలేదని గదా ఆ ఇల్లిడిసి వచ్చింది. ఆ మాట యాడ రాసినావు?"

ఎక్కడా రాయలేదు. ఆవిడ చెబుతూనే ఉంది, నా వేళ్ళు అప్పటికే "కుప" కొట్టేశాయి. ఆ కాగితం అలాగే వెళ్ళిపోతే పదకొండు నెలల జీతం సంగతి ఎక్కడా ఉండేది కాదు. సంతకం చోట ఆవిడ వేలిముద్ర మాత్రం ఉండేది. అంతకు ముందు వారాల్లో చదివి వినిపించమని అడగనివారు ఎందరో నాకిప్పటికీ లెక్క తెలియదు.

నాన్నగారి పొడి అక్షరాలు ఎవరికి రాస్తున్నారో తెలిసి రాసినవి. నావి ఎదురుగా ఉన్న మనిషిని చూడకుండానే విచ్చుకున్నాయి. తప్పు వర్డ్‌ది కాదు, నాది.

ఆ సాయంత్రమే "కుప"ను జాబితాలోంచి తీసేశాను. చిరునామా, సంబోధన, చివరి నమస్కారం ఉంచుకున్నాను. కారణం మాత్రం ఒక్కొక్కరినీ అడిగి, వేరుగా టైపు చేసి, చదివి వినిపించాకే వేలిముద్ర వేయించాను. గంటకు నలుగురి పని కూడా తెమల్లేదు.