అడిగినవీ అందినవీ: ప్రార్థనకు జవాబు గురించి రెండు వేల ఏళ్ల వాదన

డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధన ముగిశాక చాలా తెలుగు చర్చీల్లో పళ్లెంలో చిన్న చిన్న కార్డులు తిప్పుతారు. ఒక్కో కార్డు మీద ఒక్కో బైబిలు వాక్యం అచ్చయి ఉంటుంది. ఎవరి చేతికి ఏది వస్తే అదే వారికి కొత్త సంవత్సరపు వాగ్దానం. కొందరు దాన్ని బైబిలు పుటల మధ్య దాచుకుంటారు, కొందరు ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తారు. ఉద్యోగం కోసమో, సంతానం కోసమో, అప్పులు తీరడం కోసమో ఎదురుచూస్తున్న ఇంట్లో ఏడాది పొడవునా ప్రార్థనకు ఆ కార్డే ఆధారం. దేవుడు మాట ఇచ్చాడు, నిలబెట్టుకుంటాడు అన్నది అక్కడి ధీమా.

ఆ ధీమా ఊరికే పుట్టలేదు. అడిగినవాడికి దొరుకుతుందని మత్తయి సువార్త 7వ అధ్యాయంలో యేసు చెబుతాడు. మార్కు 11:24 ఇంకో అడుగు ముందుకేసి, అడుగుతున్నప్పుడే అది అందిందని నమ్మితే అందుతుందంటుంది. యోహాను 14వ అధ్యాయంలో, తన పేరిట ఏది అడిగినా చేస్తానన్న హామీ ఉంది. కానీ అదే కొత్త నిబంధనలో రెండో గొంతు కూడా వినిపిస్తుంది. గెత్సేమనే తోటలో, రాబోయే శ్రమ తప్పించమని స్వయంగా యేసే అడిగాడు. తప్పలేదు. శరీరంలో ముల్లులా బాధిస్తున్నదాన్ని తీసేయమని పౌలు మూడుసార్లు మొరపెట్టుకున్నాడు. ముల్లు పోలేదు, దాన్ని భరించే బలం మాత్రం దొరికింది. దురుద్దేశంతో అడిగితే రాదంటుంది యాకోబు పత్రిక. దేవుడి చిత్తానికి తగినట్టు అడగాలంటుంది యోహాను మొదటి పత్రిక.

షరతు లేని మాట ఒకవైపు, షరతులు ఇంకోవైపు. తర్వాతి చరిత్రంతా ఈ రెండింటి మధ్య పెనుగులాటే. ఏది జవాబో, ఏది కాదో తేల్చే పెత్తనం మాత్రం కాలాన్ని బట్టి చేతులు మారుతూ వచ్చింది. మొదట అది వేదాంతుల దగ్గర ఉంది. తర్వాత జమాఖర్చులు రాసినవాళ్ల దగ్గరికి, అక్కడి నుంచి గణాంకవేత్తల దగ్గరికి, న్యాయస్థానాలకు, చివరికి ఆసుపత్రులకు చేరింది.

దేవుడికి అన్నీ ముందే తెలిసినప్పుడు, ఆయన సంకల్పం మారనప్పుడు, ఇక అడగడం దేనికి? ఈ ప్రశ్నను మూడో శతాబ్దంలోనే ఒరిగెన్ ‘ప్రార్థన గురించి’ అన్న గ్రంథంలో ఎత్తుకున్నాడు. మనిషి తన ఇష్టంతో ఏం అడుగుతాడో కూడా దేవుడికి ముందే తెలుసు, దాన్ని కలుపుకునే ఆయన ఏర్పాటు చేస్తాడన్నది ఒరిగెన్ జవాబు. వెయ్యేళ్ల తర్వాత థామస్ అక్వినాస్ ఇదే తర్కాన్ని మరింత బిగించాడు. ప్రార్థన దేవుడి నిర్ణయాన్ని మార్చడానికి కాదు, ప్రార్థన ద్వారా ఇవ్వాలని ఆయన ముందే నిర్ణయించినదాన్ని పొందడానికి అన్నాడు. తప్పక నెరవేరే ప్రార్థనకు నాలుగు గుర్తులు కూడా చెప్పాడు. అది తనకోసం చేసినదై ఉండాలి, రక్షణకు అవసరమైనదాన్నే కోరాలి, భక్తితో చేయాలి, విడవకుండా చేయాలి. పొరుగువాడి జ్వరం, పొలానికి వాన ఈ హామీ పరిధిలోకి రావు.

అంత తర్కం అక్కర్లేకుండా అగస్టీన్ ఒక కథతో అదే మాట చెప్పాడు, అదీ సొంత తల్లి కథ. 383లో అతను రోముకు ఓడెక్కబోతుంటే, వెళ్లొద్దని తల్లి మోనికా ఏడ్చింది. స్నేహితుణ్ని సాగనంపడానికి వెళ్తున్నానని అబద్ధమాడి, కార్తేజి రేవు దగ్గర సైప్రియన్ పేరిట ఉన్న ప్రార్థనా స్థలంలో ఆమెను ఆ రాత్రికి ఉంచాడు అగస్టీన్. కొడుకు ఓడ ఎక్కకూడదని ఆమె రాత్రంతా ప్రార్థించింది. తెల్లారేసరికి ఓడ వెళ్లిపోయింది. ఆ ప్రయాణమే అతణ్ని మిలాన్‌కు, బిషప్ ఆంబ్రోస్ దగ్గరికి చేర్చింది. 387లో అక్కడే బాప్తిస్మం తీసుకున్నాడు. తల్లి ఆ రాత్రి అడిగినదాన్ని దేవుడు కాదన్నది, ఆమె ఎన్నాళ్లుగానో అడుగుతున్నదాన్ని ఇవ్వడానికేనని ‘ఒప్పుకోలు’లో రాసుకున్నాడు. ఇప్పటికీ జవాబు రాని ప్రార్థన గురించి ప్రసంగీకులు చెప్పే ఓదార్పులో సగం ఇక్కడి నుంచి వచ్చిందే.

మార్టిన్ లూథర్ ఇంత నెమ్మదిగా మాట్లాడే మనిషి కాదు. 1540లో వైమార్‌లో మిత్రుడు మెలాంక్తన్ చావుబతుకుల్లో ఉంటే, లేఖనాల్లోని వాగ్దానాలన్నీ ఏకరువు పెట్టి దేవుడితో దాదాపు తగువులాడాడు. మెలాంక్తన్ లేచి కూర్చున్నాడు. రెండేళ్లకు, 1542 సెప్టెంబరులో, పదమూడేళ్ల కూతురు మగ్దలేనా మంచాన పడింది. లూథర్ మోకరించాడు. ఆ పిల్ల తండ్రి చేతుల్లోనే కన్నుమూసింది.

పంతొమ్మిదో శతాబ్దానికి ప్రార్థనకు ఖాతా పుస్తకం వచ్చింది. ప్రష్యాలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన జార్జి ముల్లర్ 1836లో బ్రిస్టల్‌లోని విల్సన్ వీధిలో అనాథాశ్రమం తెరిచాడు. అవసరం ఏమిటో మనుషులకు చెప్పకూడదు, దేవుణ్నే అడగాలన్నది అతని నియమం. ఏ రోజు ఏం అడిగాడో, ఏ రోజు ఎంత వచ్చిందో రాసుకుని ఏటేటా అచ్చు వేసేవాడు. 1870 నాటికి యాష్లీ డౌన్ కొండ మీద ఐదు భవనాలు లేచాయి, 2,050 మంది పిల్లలకు చోటు దొరికింది. భక్తులు దాన్ని రుజువన్నారు. ఆ వార్షిక నివేదికలే మంచి విజ్ఞాపనలని విమర్శకులు ఎత్తిపొడిచారు. ముల్లర్ బావమరిది ఆంథోనీ నారిస్ గ్రోవ్స్‌కు మన గోదావరి జిల్లాలతో చుట్టరికం ఉంది. 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులను ఇండియాకు తెచ్చింది ఆయనే. వాళ్లు నరసాపురం ప్రాంతంలో మొదలుపెట్టినదే గోదావరి డెల్టా మిషను.

ఇక ఒంగోలు. 1836లో అమెరికన్ బాప్టిస్టులు తెలుగువారి మధ్య పని ప్రారంభించి, తర్వాత నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1853లో ఆల్బనీ పట్నంలో జరిగిన మహాసభలో ఈ మిషనును మూసేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. పటంలో ఒంటిగా మిగిలిన చుక్కగా దాన్ని వర్ణిస్తూ శామ్యూల్ స్మిత్ రాసిన పద్యం సభను కదిలించిందని, మూసివేత ఆగిందని చెబుతారు. ‘లోన్ స్టార్’ అన్న పేరు అలా నిలిచింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషనుకు చెందిన లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. తర్వాత పన్నెండేళ్లపాటు ఎవరూ రాలేదు. 1866లో జాన్ క్లౌ వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది.

1876లో కరువు మొదలైంది. ఒకప్పుడు సర్వేయరుగా పనిచేసిన క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి పని చూపించాడు. గంజి కోసం మతం మారారన్న మాట పడకూడదని కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు. ఉదయం మొదలైన పని మధ్యాహ్నం కాస్త ఆగి, సాయంత్రం దాకా సాగింది.

కొండ మీద ఐదుగురి ప్రార్థనకు ఇరవై నాలుగేళ్ల తర్వాత వచ్చిన జవాబు ఇదేనని మిషను చరిత్రలు రాసుకున్నాయి. అదే సంఘటనను ఇంకోవైపు నుంచీ చూడొచ్చు. క్లౌ ఒంగోలులో స్థిరపడక ముందే కనిగిరి వైపు తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద తిరుగుతూ ఈ కొత్త మతం గురించి విన్నాడు. యోగమార్గం తెలిసిన మాదిగ పెద్ద అతను. తన కులం పల్లెల్లో ఊరూరా తిరిగి చెప్పింది అతను, అతని వెంట నడిచినవాళ్లు. గుండ్లకమ్మకు వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలే. వెట్టి నుంచీ అవమానం నుంచీ బయటపడాలన్న వాళ్ల సొంత ఆరాటాన్ని పక్కనపెట్టి ఈ చరిత్ర రాయలేం. జూయెట్ అడిగింది ఒక మిషనరీని. పేరయ్య వెతుక్కున్నది తన జనానికి ఒక దారిని. 2,222 అన్న అంకె ఎవరి ప్రార్థనకు జవాబో ఆ అంకె చెప్పదు.

అంకెలతోనే తేలుద్దామన్న సవాలు అప్పటికే లండన్‌లో లేచింది. 1871 డిసెంబరులో యువరాజు ఎడ్వర్డ్ టైఫాయిడ్‌తో చావు అంచుదాకా వెళ్లాడు. దేశమంతా చర్చీల్లో ప్రార్థనలు జరిగాయి. ఆయన కోలుకున్నాడు, 1872 ఫిబ్రవరి 27న సెయింట్ పాల్స్‌లో కృతజ్ఞతారాధన జరిగింది. ఆ జూలైలో భౌతికశాస్త్రవేత్త జాన్ టిండాల్ ముందుమాటతో, పేరు లేని ఉత్తరం ఒకటి పత్రికలో వచ్చింది. రాసింది హెన్రీ థాంప్సన్ అనే సర్జను. ఒక ఆసుపత్రి వార్డును ఎంచుకోండి, కొన్నేళ్లపాటు దేశమంతా ఆ రోగుల కోసమే ప్రార్థించండి, మిగతా వార్డుల మరణాలతో పోల్చి చూద్దాం అన్నది ప్రతిపాదన. మతపెద్దలు మండిపడ్డారు.

ఆగస్టులో గణాంకవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ కొత్త ప్రయోగం అక్కర్లేదన్నాడు. లెక్కలు ముందే ఉన్నాయి. రాజు దీర్ఘాయుష్షు కోసం ప్రతి ఆదివారం దేశం ప్రార్థిస్తుంది గదా. ఆయన చూపిన పట్టికలో రాజకుటుంబీకుల సగటు ఆయుర్దాయం 64.04 ఏళ్లు, మతాధికారులది 69.49, లాయర్లది 68.14, డాక్టర్లది 67.31. ఆ పట్టికలో రాజులే అట్టడుగున ఉన్నారు. మిషనరీలు ఎక్కిన ఓడకు బీమా కంపెనీ రేటు తగ్గించదు కదా అని కూడా అడిగాడు. అలవాటుగా చదివే ఆరాధన మాటలూ గుండె లోతుల్లోంచి వచ్చే మొరా ఒకటి కావన్నది అవతలివాళ్ల జవాబు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ తుపాకీ గాయంతో 79 రోజులు మంచాన ఉంటే దేశమంతా ప్రార్థించింది. ఆయన బతకలేదు. ఈసారి వివరణ ఇచ్చుకోవాల్సిన వంతు చర్చీలదైంది.

ఈ వాదన పత్రికలకే పరిమితం కాలేదు. రోగి కోసం పెద్దలు ప్రార్థించి నూనె రాయాలన్న యాకోబు పత్రిక మాటను అక్షరాలా పాటించిన ‘పెక్యూలియర్ పీపుల్’ అనే శాఖ ఇంగ్లండులో ఉండేది. వాళ్లు పిల్లలకు డాక్టరును పిలిచేవారు కాదు. బిడ్డ చనిపోయిన ఒక కేసులో 1868లో లండన్ కోర్టు తల్లిదండ్రుల చిత్తశుద్ధిని చూసి వదిలేసింది. అదే ఏడాది పార్లమెంటు, పిల్లలకు వైద్యం అందించకపోవడాన్ని నేరంగా మార్చింది. ఇలాంటి మరణాలు వరసగా జరిగిన అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం, విశ్వాసం పేరుతో మినహాయింపు చెల్లదని 2011లో చట్టం చేసింది.

ఇరవయ్యో శతాబ్దంలో మార్కు 11:24 మళ్లీ కొత్త ఊపుతో ముందుకొచ్చింది. మంచాన పడిన కుర్రవాడిగా 1934లో ఆ అధ్యాయపు మాటలను పట్టుకునే లేచానని చెప్పిన కెన్నెత్ హేగిన్, నమ్మి నోటితో పలికితే అందుతుందన్న బోధను అమెరికాలో వ్యాప్తి చేశాడు. టీవీల ద్వారా, స్వస్థత సభల ద్వారా ఆ ధోరణి తెలుగు నేలకూ చేరింది. ఈ బోధలో ఒక ముల్లు ఉంది. వాగ్దానంలో షరతు లేనప్పుడు, రోగం తగ్గకపోతే తప్పు రోగి విశ్వాసానిదే అవుతుంది. జబ్బుకు తోడు ఆ నింద కూడా మోయాలి.

ఈ చిక్కును దాచకుండా బయటపెట్టినవాడు రచయిత సి.ఎస్. లూయిస్. 1953లో ఆక్స్‌ఫర్డ్ పాదిరీల సభలో ఆయన చదివిన వ్యాసం ప్రశ్నతోనే ముగిసింది. నీ ఇష్టమే కానీ అంటూ, అదే క్షణంలో తప్పక దొరుకుతుందని నమ్ముతూ అడగడం ఒక మనిషికి ఎలా సాధ్యం? తెలిస్తే చెప్పమని సభనే అడిగాడు. 1957లో ఆయన భార్య జాయ్‌కి కేన్సర్ ముదిరినప్పుడు ఒక పాదిరి వచ్చి తల మీద చేతులుంచి ప్రార్థించాడు. ఆమె అనూహ్యంగా కోలుకుంది. 1960లో రోగం తిరగబెట్టి చనిపోయింది. మరుసటి ఏడాది మారుపేరుతో అచ్చయిన ఆయన శోకగ్రంథంలో దేవుడి మీద కోపం కూడా దాచుకోలేదు.

థాంప్సన్ కోరినలాంటి ప్రయోగం పెద్ద ఎత్తున జరగడానికి వందేళ్లు దాటింది. 1988లో వెలువడిన శాన్‌ఫ్రాన్సిస్కో అధ్యయనం 393 మంది హృద్రోగుల్లో ప్రార్థన పొందినవారికి కొన్ని ఇబ్బందులు తక్కువన్నది. 1999లో కేన్సస్ సిటీలో 990 మందిపై జరిగిన మరొకటి స్వల్ప తేడా చూపింది కానీ ఆసుపత్రిలో ఉన్న రోజులు మాత్రం తగ్గలేదు. 2006లో హెర్బర్ట్ బెన్సన్ బృందం ఆరు ఆసుపత్రుల్లో 1,802 మంది బైపాస్ రోగులను తీసుకుంది. రోగి పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం మాత్రమే ప్రార్థించేవారికి అందేవి. ఆపరేషన్ ముందు రాత్రి నుంచి పద్నాలుగు రోజులు, అందరికీ ఒకే మాటలతో ప్రార్థన. ప్రార్థిస్తారో లేదో తెలియదన్న రెండు బృందాల్లో, ప్రార్థన అందినవారిలో 52 శాతం మందికి, అందనివారిలో 51 శాతం మందికి ఇబ్బందులు వచ్చాయి. మీకోసం తప్పకుండా ప్రార్థిస్తున్నారని చెప్పిన మూడో బృందంలో అది 59 శాతం. నా పరిస్థితి అంత విషమించిందా అన్న ఆందోళనే కారణం కావచ్చన్న ఊహ వచ్చింది. మొత్తం 7,646 మందిపై జరిగిన పది అధ్యయనాలను కలిపి చూసిన 2009 కొక్రేన్ సమీక్ష, స్పష్టమైన ఫలితం లేదని, ఇక ఈ డబ్బు వేరే పరిశోధనలకు వాడటం మేలని చెప్పింది.

ముక్కూమొహం తెలియని మనిషి కోసం చీటీ చూసి చేసే ప్రార్థన సువార్తలు చెప్పిన ప్రార్థనేనా అని నమ్మేవాళ్లు అడుగుతారు. పైగా బెన్సన్ రోగుల్లో దాదాపు అందరూ తమకోసం ఇంటివాళ్లు విడిగా ప్రార్థిస్తారనే అనుకున్నారు. దేవుణ్ని శోధించవద్దని ద్వితీయోపదేశకాండం అంటుందనీ గుర్తుచేస్తారు. దశమభాగం ఇచ్చి తనను శోధించి చూడమని దేవుడే అన్నట్టు మలాకీ గ్రంథంలో ఉందని అవతలివాళ్లు పుట తిప్పి చూపిస్తారు. అడిగినా అందనివాళ్ల వరస మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచేది అడిగినది అందినవాళ్లే. అందనివాళ్ల లెక్క ఏ సంఘం రిజిస్టరులోనూ ఉండదు. ఈలోగా తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది పెక్యూలియర్ పీపుల్ దారికి పోకుండా ప్రార్థననూ మందునూ కలిపే నడిపారు. అందులో మిషన్ల పాత్ర ఉంది. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచింది. అది కుగ్లర్ ఆసుపత్రిగా ఇప్పటికీ జనం నోట ఉంది.