సమానధర్మం దాచిన ప్రశ్న: పోలిక క్విజ్‌ల పుట్టుపూర్వోత్తరాలు

‘ఇంగ్లండుకు మిల్టన్ ఎలాగో తెలుగువారికి ఎవరు?’ అని క్విజ్‌లో అడిగితే కీలో ఉండే జవాబు చిలకమర్తి లక్ష్మీనరసింహం. మిల్టన్ లాగే చూపు పోయినా ఆయన రచన మానలేదు కాబట్టి ‘ఆంధ్ర మిల్టన్’ అన్న పేరు నిలిచింది. ఇదే ప్రశ్నకు ఒక విద్యార్థి పోతన అని రాశాడనుకుందాం. మిల్టన్ పేరు నిలిచింది బైబిలు కథను మహాకావ్యం చేసినందుకు, తెలుగులో పురాణకథను అంత ఎత్తుకు తీసుకెళ్లింది పోతన అని అతని వాదన. మార్కు ఇవ్వాలా, వద్దా? హైదరాబాద్ శివారు బాచుపల్లిలో ఇది కాలక్షేపం ప్రశ్న కాదు. 1995లో మొదలైన వి.ఎన్.ఆర్. విజ్ఞానజ్యోతి, 1997లో మొదలైన గోకరాజు రంగరాజు ఇంజనీరింగ్ కాలేజీలు, వాటి చుట్టూ ఇంటర్ కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లు ఉన్న చోటు ఇది. ఇక్కడ చదివే పిల్లలకు క్యాంపస్ ప్లేస్‌మెంట్ల రీజనింగ్ పేపర్లోనూ, పోటీ పరీక్షల్లోనూ ఈ తరహా ప్రశ్నలు ఎదురవుతూనే ఉంటాయి. ఒక్క మార్కుతో ర్యాంకు తారుమారవుతుంది. నేను చెప్పేది ఒకటే: పోలిక ఏ విషయంలోనో ప్రశ్నే చెప్పాలి, చెప్పకపోతే సమర్థించుకోగల ప్రతి జవాబుకూ మార్కు ఇవ్వాలి. ఈ ప్రశ్నల చరిత్ర చూస్తే ఇది కొత్త కోరికేమీ కాదని తెలుస్తుంది.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో నాలుగు పదాల పోలికను వివరించాడు. మద్యదేవత డయనైసస్‌కు పానపాత్ర ఎలాంటిదో యుద్ధదేవత ఏరీస్‌కు డాలు అలాంటిదని ఆయన ఇచ్చిన ఉదాహరణ. ఏ దేవుడి చేతిలో ఏముంటుందో తెలిసినవాడికే అది బోధపడుతుంది. సంస్కృతి తెలియనివాడికి తర్కం ఎంత వచ్చినా లాభం లేదన్న చిక్కు ఆనాడే ఉంది. మన న్యాయదర్శనం ఉపమానాన్ని నాలుగు ప్రమాణాల్లో ఒకటిగా ఒప్పుకుంది. ఆవులాంటి అడవి జంతువు గవయమని విన్న పట్నవాసి, అడవిలో దాన్ని చూసి గుర్తుపట్టడం అందుకు ఉదాహరణ. అయితే న్యాయసూత్రాలే అక్కడ ఒక ఆక్షేపణను లేవనెత్తాయి. అన్నివిధాలా పోలిక ఉంటే ఆవుకు ఆవే సాటి అవుతుంది. చాలావరకు పోలిక చాలనుకుంటే ఎద్దుకు దున్నపోతు సాటి అవుతుంది. ఎక్కడో ఒకచోట పోలిక చాలనుకుంటే మేరువుకు ఆవగింజ కూడా సాటే. దీనికి సూత్రకారుడి సమాధానం: బాగా ప్రసిద్ధమైన పోలికే ప్రమాణం. అంతటితో ఊరుకోకుండా, పైపై పోలికను పట్టుకుని చేసే వాదాన్ని ఆయన ‘జాతి’ అనే దోషాల పట్టికలో చేర్చాడు. అంటే న్యాయమైన పోలిక ఏది అన్న చర్చ పోలికతో పాటే పుట్టింది.

దీన్ని మరింత తేలిగ్గా చెప్పింది అలంకారశాస్త్రం. ఉపమకు ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు అంగాలని బడిపిల్లలే చెబుతారు. వాటిలో ఏదైనా లోపిస్తే అది లుప్తోపమ. పోలిక క్విజ్‌లో లోపించేది సమానధర్మం. కవిత్వంలో ఆ లోపం అందమవుతుంది, పరీక్షలో అన్యాయమవుతుంది. ‘దక్షిణ కాశి’ సంగతే చూడండి. శ్రీకాళహస్తి, వేములవాడ, అలంపురం, ధర్మపురి నాలుగింటికీ ఆ పేరుంది. ప్రధాన దైవం శివుడై ఉండాలంటే నరసింహక్షేత్రమైన ధర్మపురి తప్పుకోవాలి. కాశికి గంగలా పేరున్న నది ఒడ్డున ఉండాలంటే వేములవాడ తప్పుకుంటుంది. స్వర్ణముఖి ఒడ్డున శ్రీకాళహస్తి, తుంగభద్ర ఒడ్డున అలంపురం, గోదావరి ఒడ్డున ధర్మపురి మిగులుతాయి. రెండూ కావాలంటే శ్రీకాళహస్తి, అలంపురం నిలుస్తాయి. గీటురాయి మారినప్పుడల్లా జవాబు మారుతోంది. ‘దక్షిణ గంగ’ పేరు గోదావరికీ ఉంది, కావేరికీ ఉంది. ఇలాంటి చోట ఒక్క పేరును కీలో పెట్టి మిగతావి తప్పనడం భూగోళాన్ని పరీక్షించడం కాదు, ప్రశ్న రాసినవాడు చదివిన గైడును పరీక్షించడం.

ఆధునిక పరీక్షల్లోకి ఈ ప్రశ్న వచ్చింది అమెరికా నుంచి. 1926లో మొదలైన కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లోనే పోలికల విభాగం ఉంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పోలికల ప్రశ్నలతోనే సాగే మిల్లర్ పరీక్ష రూపొందిందీ అప్పుడే. తర్వాతి కాలంలో శాట్‌లో ఒక ప్రశ్న పెద్ద వివాదమైంది. పరుగు పందెగాడికి మారథాన్ ఎలాగో పడవ నడిపేవాడికి ‘రెగట్టా’ అలాగని దాని జవాబు. పడవ పందేలు చూసే సంపన్న కుటుంబాల పిల్లలకే ఆ మాట తెలుస్తుందని విమర్శలొచ్చాయి. 2005లో శాట్ నుంచి పోలికల ప్రశ్నలు తొలగిపోయాయి. మన దేశంలో 1967లో కోల్‌కతాలో నీల్ ఓబ్రయన్ బహిరంగ క్విజ్‌కు శ్రీకారం చుట్టారు. 1972లో హైదరాబాద్‌లో కె-సర్కిల్ క్విజ్ క్లబ్ పుట్టింది. వేదిక మీది క్విజ్‌లో ఒక సదుపాయం ఉంటుంది: జట్టు అభ్యంతరం చెప్పొచ్చు, క్విజ్ మాస్టర్ కారణం విని ఒప్పుకోవచ్చు. ఓఎంఆర్ షీటులో గుండ్రం దిద్దే విద్యార్థికి ఆ అవకాశం లేదు.

అందుకే ఈ వాదన కోర్టులకెక్కింది. 1983లో కాన్పూర్ విశ్వవిద్యాలయం, సమీర్ గుప్తా కేసులో, తప్పని స్పష్టంగా రుజువు కానంతవరకు కీ సరైనదేనని భావించాలని సుప్రీంకోర్టు చెప్పింది. దాంతోపాటే కీని ప్రచురించాలని, సందేహాస్పదమైన ప్రశ్నను మార్కుల లెక్కలోంచి తీసేయాలని సూచించింది. ప్రాథమిక కీ, అభ్యంతరాల గడువు, తుది కీ అని ఈనాడు మనం చూస్తున్న పద్ధతి ఈ ఆలోచనకు అనుగుణమైనదే. 2017 డిసెంబరులో రణ్ విజయ్ సింగ్ కేసు తీర్పు, సందేహం ఉన్నప్పుడు దాని లాభం పరీక్ష పెట్టిన సంస్థకే దక్కాలంది. పరీక్షలు ఏళ్ల తరబడి కోర్టుల్లో నానకూడదన్న ఆ తీర్పు ఆవేదన న్యాయమైనదే. కానీ కోర్టు తలదూర్చకపోతే ప్రశ్న రాసేవాడి బాధ్యత పెరుగుతుందే కాని తగ్గదు.

సమానధర్మం చెప్పేస్తే ఇక కనిపెట్టడానికి ఏముంటుందని కొందరంటారు. ‘చూపు కోల్పోయినా సాహిత్యం సృష్టించిన మిల్టన్‌తో పోల్చిన తెలుగు రచయిత ఎవరు?’ అని అడిగి చూడండి. తెలియనివాడికి అప్పటికీ తెలియదు, తెలిసినవాడు మాత్రం దారి తప్పడు. బిరుదులు లోకప్రసిద్ధాలు కాబట్టి వాటికి వేరే రుజువు అక్కర్లేదని ఇంకొందరంటారు. ఇది బలమైన వాదనే, న్యాయసూత్రాల మద్దతూ దీనికుంది. అయితే ఎవరిలో ప్రసిద్ధమన్నది తేల్చాలి. వేములవాడ చుట్టుపక్కల దక్షిణ కాశి అంటే వేములవాడే. శ్రీకాళహస్తిలో అడిగితే మరో జవాబు వస్తుంది. బిరుదునే పరీక్షించాలనుకుంటే ‘ఆంధ్ర మిల్టన్ అని ఎవరిని పిలిచారు?’ అని సూటిగా అడగొచ్చు. అప్పుడు పోతన అన్నది కచ్చితంగా తప్పు. ఇన్ని జవాబులు ఒప్పుకుంటే మూల్యాంకనం గందరగోళమవుతుందన్నది మూడో అభ్యంతరం. గందరగోళం దిద్దేచోట పుట్టలేదు, ప్రశ్న రాసేచోట పుట్టింది. దాన్ని అక్కడే సరిదిద్దాలి.

కాబట్టి మొదట అడిగిన ప్రశ్నకు నా తీర్పు ఇది. ప్రశ్న ఆ రూపంలోనే ఉంటే పోతన అన్న విద్యార్థికి పూర్తి మార్కు ఇవ్వాలి, లేదా ఆ ప్రశ్నను లెక్కలోంచి తీసేయాలి. ప్రశ్నలు తయారుచేసే అధ్యాపకులకు, కోచింగ్ సెంటర్ల వారికి ఒక విన్నపం: పోలిక ప్రశ్న రాశాక దాని పక్కనే సమానధర్మాన్ని ఒక్క వాక్యంలో రాసి చూసుకోండి. రాయలేకపోతే ఆ ప్రశ్న అడగకండి.