‘ఒక’ నుంచి ‘ఏ’ దాకా

మనలో చాలామందిమి ఆరో తరగతిలో ఏబీసీడీలు దిద్దినవాళ్లమే. పదో తరగతికి వచ్చేసరికి ఇంగ్లీషులో వ్యాసాలు రాయాల్సి వచ్చేది. దిద్దిన నోటుబుక్కు చేతికొస్తే ఎర్రసిరా ఎక్కువగా కనబడేది ఆర్టికల్స్ దగ్గరే. ‘ఏ’, ‘యాన్’, ‘ద’ కావలసిన చోట వదిలేసేవాళ్లం, అక్కర్లేని చోట తగిలించేవాళ్లం. ‘సన్’కు ముందు ‘ద’ ఎందుకు, ‘గాడ్’కు ఎందుకు వద్దు అని అడిగితే, అది రూలు అనేవారు మాస్టారు.

ఆ రూలుకు వెనక ఒక చరిత్ర ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ‘ఏ’ అనే మాట విడిగా లేదు. ‘ఒకటి’ అని అర్థమిచ్చే ‘ఆన్’ ఉండేది. ఊది పలికినచోట అది ‘వన్’ అయింది. తేలిగ్గా పలికినచోట ‘యాన్’ అయింది. తర్వాత హల్లు ముందు నకారం జారిపోయి ‘ఏ’ మిగిలింది. అచ్చు ముందు ‘ఏ’కు నకారం చేర్చాలని మనం నేర్చుకున్నాం కానీ, నిజానికి పాతది ‘యాన్’. ‘ద’ కూడా ‘ఆ’ అని చూపించే మాటే. అప్పట్లో లింగాన్నీ వచనాన్నీ విభక్తినీ బట్టి దానికి ఎన్నో రూపాలుండేవి. అవన్నీ అరిగిపోయి ‘ద’ ఒక్కటే నిలిచింది. దాని నపుంసక రూపమే నేటి ‘దట్’.

ఇంగ్లీషువాళ్లూ ఇక్కడ తడబడ్డారు. వంటచేసేటప్పుడు కట్టుకునే గుడ్డను పూర్వం ‘నేప్రన్’ అనేవారు. ‘ఏ నేప్రన్’ను ‘యాన్ ఏప్రన్’ అని విన్నారు. ఆ పొరపాటే నేడు నిఘంటువులో సరైన మాట!

ఇక మన సంగతి. సంస్కృతంలో ఆర్టికల్స్ లేవు, లాటిన్‌లోనూ లేవు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో వాటికి పరిచ్ఛేదమే లేదు. కానీ కథ చెప్పేటప్పుడు మన అమ్మమ్మ ఏమనేది? ‘ఒక ఊళ్లో ఒక చెరువుంది. ఆ చెరువు గట్టున ఒక మర్రిచెట్టుంది. ఆ చెట్టు మీద...’ కొత్తదానికి ‘ఒక’, తెలిసినదానికి ‘ఆ’. ‘ఏ’, ‘ద’ చేసే ముఖ్యమైన పని ఇదే. తేడా ఏమిటంటే, మనం అవసరమైతేనే వాడతాం. ‘పుస్తకం కొన్నాను’ అంటే చాలు. ఇంగ్లీషులో ఆ చోటు ఖాళీగా వదలకూడదు. ‘గాడ్’ లాంటి మినహాయింపులు మాత్రం వాడుకలో నేర్చుకోవలసిందే.

మా బ్యాచ్‌లో లెక్కల్లో అందరికన్నా ముందుండే మిత్రుడొకడు ఇంగ్లీషు ఒక్కటే తప్పాడు. మార్చి పోయింది, సెప్టెంబరూ పోయింది. చదువు మానేసి పొలానికి వెళ్లిపోయాడు. తనకు బుర్ర లేదనే ఇప్పటికీ అనుకుంటున్నాడు. వాడు కథలు మాత్రం అద్భుతంగా చెప్పేవాడు. ‘ఒక’, ‘ఆ’ వాడి నోట ఏనాడూ తప్పలేదు.

ఇవాళ మన బడిలో ఇంగ్లీషు చెబుతున్న ఉపాధ్యాయులకు నాదొక్క మనవి. ఆర్టికల్స్ పాఠం మొదలుపెట్టే రోజున ముందు పిల్లల చేత తెలుగులో ఒక కథ చెప్పించండి. రూలు ఆ తర్వాత చెప్పవచ్చు.