బంగారు గనులు – వెండితెర

ఒక కాలపు జనుల మనస్సు రాతిశాసనములలో కంటె, వారు డబ్బిచ్చి చూచిన ఆటలలోను, రాత్రులు కూర్చుండి పాడుకొన్న పాటలలోను స్పష్టముగా కనబడును. ఇందుకు మన కోలారు సీమయే చక్కని సాక్ష్యము.

మన వేమగల్‌కు దగ్గరనున్న కైవారమును మొదట చూతము. గాజులమ్మి జీవించిన నారేయణ యోగిని మనవారు కైవారం తాతయ్య అని ప్రేమతో పిలుతురు. ఆయన తెలుగులోను, కన్నడములోను తత్వములు చెప్పినారు. మరాఠాలు, హైదరలీ, ఇంగ్లీషువారు ఒకరి తరువాత ఒకరు ఈ సీమను త్రొక్కిన కాలమది. ఈనాడున్న ధాన్యము రేపు ఎవరి పాలగునో తెలియని జనులకు, ధనము వెంటరాదన్న మాట వేదాంతము మాత్రమే కాదు, కండ్లార చూచిన సంగతి. అందుకే ఆ తత్వములు భజనలలో నిలిచినవి. 2007లో కైవారము చిక్కబళ్ళాపురం జిల్లాలో చేరినను, పాటకు ఆ సరిహద్దు అడ్డురాలేదు.

తరువాత సినిమా వచ్చినది. గూడవల్లి రామబ్రహ్మంగారు 1938లో ‘మాలపిల్ల’, 1939లో ‘రైతుబిడ్డ’ తీసిరి. హరిజనోద్ధరణ, జమీందారీ వ్యతిరేకోద్యమము సాగుచున్న దినములవి. చిత్రమేమనగా, జమీందార్లకు కోపము తెప్పించిన ‘రైతుబిడ్డ’ను నిర్మించిన సారథి సంస్థ వెనుకనున్న చల్లపల్లి రాజావారు స్వయముగా జమీందారే! 1955లో తాపీ చాణక్యగారి ‘రోజులు మారాయి’ వచ్చినప్పుడు, దున్నువానిదే భూమి అన్న ఆశ పల్లెపల్లెలో ఉన్నది. జనుల గుండెలలో ఉన్నదే తెరమీదికి వచ్చినది.

ఇక మన బంగారు గనుల మాట. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ఇచ్చట ప్రవేశించిరి. 1902లో శివనసముద్రము నుండి 92 మైళ్ళ దూరము తీగలు లాగి గనులకు విద్యుత్తు తెచ్చిరి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతునకు పోయినది. ఆ వేడిలో, బండలు ప్రేలునన్న భయములో పనిచేసినవారు అధికులు తమిళులు; మన తెలుగువారును వారితో దిగినారు. 1930లో, పనివారు వ్రేలిముద్రలిచ్చి నమోదు కావలెనన్న నిబంధన వచ్చినప్పుడు, వేలమంది పని మానివేసిరి. సుమారు మూడు వారములు సమ్మె సాగినది. ఒక్క వీరుడు వచ్చి వారిని విడిపింపలేదు. వారే ఒకరినొకరు పట్టుకొని నిలిచిరి. 1956లో గనులు ప్రభుత్వపరమైనవి. 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి.

2018లో, 2022లో మన గనుల పేరుతో ‘కె.జి.ఎఫ్.’ చిత్రములు రెండు వచ్చి దేశమంతట ఆడినవి. సయనైడ్ దిబ్బలమీద చిత్రీకరణ జరిగినది. కాని అందులోని గని కల్పితము. అచ్చట కూలీలు బానిసలై రక్షకుని కొరకు ఎదురుచూతురు. బొంబాయి నుండి ఒక్కడు వచ్చి యజమానిని చంపి, తానే యజమాని యగును. ధనవంతుడవై చావవలెనని తల్లి చెప్పిన మాటయే వానికి వేదము.

ఇది మన గనుల చరిత్ర కాదు. నేటి ప్రేక్షకుని మనస్సు. కూలిపని చేయువాడు సంఘమును నమ్మలేక, కచేరీల చుట్టు తిరిగి విసిగి, ఒక్క దెబ్బతో అన్నియు సరిచేయు బలవంతుని కోరుచున్నాడు. ధనము నిలువదని పాడిన సీమ పేరుతోనే, ధనమే సర్వమను కథకు జనులు చప్పట్లు కొట్టినారు. దీనికి దర్శకుని నిందించి లాభము లేదు. అద్దము వంకరగా ఉన్నదని కోపించుటకు ముందు మన ముఖము చూచుకొనవలెను.

అయితే ఒక ప్రమాదమున్నది. గనులు మూతపడిన తరువాత పుట్టిన పిల్లలకు సినిమాయే చరిత్రగా మిగులును. తమ తాత బానిస అని వారు తలతురు. తలయెత్తి సమ్మె చేసినవాడని ఎరుగరు. కావున ఈ ఉగాదికి మాదొక మనవి. మీ ఇంట గనిలోనికి దిగిన పెద్దలుంటే, వారి మాటలు వ్రాసి ఉంచుడు. సినిమాను సంతోషముగా చూడుడు. ఇంటికి వచ్చిన తరువాత మాత్రము తాతగారి కథ పిల్లలకు చెప్పుడు. రెండును విన్న బిడ్డ ఏది నిజమో తానే తెలిసికొనును.