ధిక్కార గీతం, వాణిజ్య రికార్డు

పాలకులను, భూస్వాములను, పెట్టుబడిదారులను ఎదిరించి పాడే పాట ధిక్కార గీతం. అలాంటి పాటలు పాడే బృందం అదే పెట్టుబడితో నడిచే రికార్డు కంపెనీతోనో సినిమా సంస్థతోనో చేయి కలిపితే పాటకు ఊళ్లు పెరుగుతాయి, పాటగాడికి కూడు దొరుకుతుంది. దాంతోపాటు పాట మీద హక్కు ఎవరిదన్న పేచీ కూడా మొదలవుతుంది. ప్రపంచ సంగీతంలో దీనికి తరచుగా చెప్పే ఉదాహరణ, అమెరికాలోని ర్యాప్-రాక్ బృందం రేజ్ అగైనెస్ట్ ద మెషీన్ 1992లో సోనీ వారి ఎపిక్ రికార్డ్స్‌తో చేసుకున్న ఒప్పందం. తెలుగునాట ఈ ప్రశ్న అంతకు యాభై ఏళ్లకు పైగా ముందు నుంచే ఉంది. అది ముందుగా గట్టిగా వినిపించిన నేల దివిసీమ, బందరు, గుడివాడ, మొవ్వలున్న కృష్ణా డెల్టా.

పోషకుడికీ పాటగాడికీ మధ్య హద్దు ఎక్కడన్నది ఈ ప్రాంతానికి పాత సంగతే. మొవ్వ క్షేత్రయ్య స్వగ్రామమని సంప్రదాయం. పదిహేడో శతాబ్దానికి చెందిన ఆ పదకర్త మధుర, తంజావూరు, గోల్కొండ ఆస్థానాల్లో ఆదరణ పొందాడు. రాజులు మారినా ఆయన పదాల్లోని మువ్వగోపాల ముద్ర మారలేదు. క్షేత్రయ్యది శృంగారమే తప్ప ధిక్కారం కాదు. అయినా పోషకుడి కొలువులో ఉంటూ తన ముద్రను తన దగ్గరే ఉంచుకోవడం అన్న లక్షణాన్ని తరువాతి కాలపు ఒప్పందాలన్నిటికీ గీటురాయిగా తీసుకోవచ్చు.

రైతుబిడ్డ

సారథి ఫిలిమ్స్ 1939లో విడుదల చేసిన రైతుబిడ్డ ఈ చరిత్రలో తొలి పెద్ద ఘట్టం. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం కృష్ణా జిల్లావాడు, పత్రికా సంపాదకుడు. అంతకు ముందు ఏడాది అస్పృశ్యత మీద మాలపిల్ల తీశాడు. రైతుబిడ్డలో చిన్న రైతు నర్సిరెడ్డి జమీందారు మనిషిని కాదని రైతుల పక్షాన నిలబడి కష్టాలు కొనితెచ్చుకుంటాడు. ఆ పాత్ర వేసింది బళ్లారి రాఘవ. ఊళ్లలో రైతులు పాడుకునే బాణీలు, జమీందారీ పీడన మీద అప్పటికే సభల్లో మారుమోగుతున్న పాటల ధోరణి ఇందులోకి వచ్చాయి. కొసరాజు రాఘవయ్య చౌదరి సినిమా పాటల రచయితగా మొదలైంది ఈ చిత్రంతోనే. మొవ్వ పక్కనే ఉన్న కూచిపూడి నుంచి వచ్చిన వేదాంతం రాఘవయ్య ఇందులో దశావతారాల నృత్యం చేశాడు.

ఈ సినిమాకు డబ్బు పెట్టిన సారథి ఫిలిమ్స్ వెనుక ఉన్నది చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్. చల్లపల్లి ఎస్టేటు దివిసీమలో పెద్ద భూ సంస్థానం. ఆ ఎస్టేటు భూముల కోసమే కమ్యూనిస్టులు, రైతులు, వ్యవసాయ కూలీలు దశాబ్దాల తరబడి పోరాడారు. అంటే జమీందారీని దుయ్యబట్టే చిత్రం జమీందారు సొమ్ముతోనే తయారైంది. ఇతర జమీందార్లు దీన్ని సహించలేదు. వెంకటగిరి, బొబ్బిలి సంస్థానాల వైపు నుంచి తీవ్ర వ్యతిరేకత వచ్చింది, కొన్నిచోట్ల ప్రదర్శన ఆగిపోయింది. పెట్టుబడి పెట్టినవాడి వర్గం, చిత్రం చెప్పిన మాట ఒకదానికొకటి ఎదురుగా నిలిచినా మాట చెదరకుండా తెరకెక్కింది. అందుకు రామబ్రహ్మం పట్టుదలే ముఖ్య కారణమని చెప్పాలి. దర్శకుడి చేతిలో కలం, కత్తెర ఉన్నంతవరకు డబ్బు ఎవరిదన్నది చిత్రం నోరు కట్టేయలేదు.

ప్రజానాట్యమండలి నుంచి మద్రాసుకు

1943లో భారత ప్రజానాట్య సంఘానికి ఆంధ్ర శాఖగా ప్రజానాట్యమండలి ఏర్పడింది. నాయకుల్లో ప్రముఖుడు వైద్యుడైన గరికపాటి రాజారావు. కృష్ణా, గుంటూరు జిల్లాల గ్రామాలు దీనికి పట్టుగొమ్మలు. ఈడుపుగల్లుకు చెందిన సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ముందడుగు, మా భూమి నాటకాలు ఊరూరా ఆడాయి. తెలంగాణ సాయుధ పోరాటం ఇతివృత్తంగా 1947లో వచ్చిన మా భూమిని వందకు పైగా దళాలు ప్రదర్శించాయి. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

మండలి చేతిలోని అసలు ఆయుధం బుర్రకథ. మధ్యలో తంబురా, అందెలతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం పలికిస్తాడు, రెండోవాడు రాజకీయ వంత. కథ పల్నాటి యుద్ధమే అయినా, ఆ ఊరి కరణం లంచం గురించో ఆ వారం బియ్యం ధర గురించో అక్కడికక్కడే మాట విసిరేది ఈ రాజకీయ వంతే. పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ ఈ కళను శిఖరానికి చేర్చాడు. ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చింది. మోటూరు ఉదయం నాయకత్వంలో స్త్రీలే బుర్రకథ దళంగా ఏర్పడి వేదికలెక్కారు. మొవ్వకు పొరుగున ఉన్న పామర్రులో 1918లో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ మండలి వేదికల మీద పాడింది, తరువాత అజ్ఞాతంలో బతికింది. ఆ జీవితాన్ని 2012లో వచ్చిన నిర్జన వారధి అనే ఆత్మకథలో చెప్పుకుంది. ఇంటిపేరు, పరువు, పెళ్లి అన్నీ పందెం ఒడ్డి ఆడవాళ్లు గుమ్మెట పట్టిన రోజులవి. రికార్డు ఒప్పందాల చర్చలో ఆ ధైర్యానికి లెక్క కట్టే పద్ధతి ఏదీ లేదు.

1948లో కమ్యూనిస్టుల మీద నిర్బంధం మొదలయ్యాక దళాలు చెదిరిపోయాయి. వేదిక పోయినవాళ్లకు బతుకుతెరువు కావాలి, పాట పాడే చోటు కావాలి. మద్రాసు సినిమా రంగం ఆ రెండూ ఇచ్చింది. కృష్ణా జిల్లా కపిలేశ్వరపురానికి చెందిన తాతినేని ప్రకాశరావు 1952లో పల్లెటూరు చిత్రంతో దర్శకుడయ్యాడు. దాని సంగీతం ఘంటసాలది. కమ్యూనిస్టు నాయకుడు వేములపల్లి శ్రీకృష్ణ తెలుగువారి ఐక్యత మీద రాసిన గీతం ఆ చిత్రంలో చేరింది. సభల్లో బృందగానంగా బతికిన పాట ఘంటసాల గొంతులో సినిమా పాటై జనంలోకి వెళ్లింది. పార్టీ సభ వైపు కన్నెత్తి చూడని ఇళ్లలో కూడా అది వినిపించింది.

రాజారావు 1953లో సొంతంగా పుట్టిల్లు తీశాడు. మా భూమి నాటకంలో చూసిన జమునను కథానాయికగా పరిచయం చేశాడు. అల్లు రామలింగయ్యకూ అదే తొలి చిత్రం. ఆ ప్రయత్నం రాజారావుకు డబ్బు పరంగా కలిసిరాలేదు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి వంటి మండలి నటులు అప్పటికే చిత్రాల్లో స్థిరపడుతున్నారు. 1955లో సారథి ఫిలిమ్స్ పతాకం మీదే తాపీ చాణక్య దర్శకత్వంలో రోజులు మారాయి వచ్చింది. పల్లె రైతుల కథ, కొసరాజు పాటలు, బందరులో పుట్టిన మాస్టర్ వేణు సంగీతం. ఉద్యమం నుంచి వచ్చిన వాసన ఆ చిత్రంలో ఉంది, దాని పదును మాత్రం మెత్తబడింది.

మెత్తబడడానికి మనుషులు రాజీ పడడమే కారణం కాదు. యంత్రం కొలత కూడా కారణమే. నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోను పళ్లెం ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది. రెండు మూడు గంటల బుర్రకథ అందులో ఇమడదు. 1954 నాటి అగ్గిరాముడు చిత్రంలో నాజర్ దళం చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ చిన్నదిగానే ఉంటుంది. పాటను ముందే రాసి, కుదించి, ముద్రించాలంటే ముందుగా ఎగిరిపోయేది రాజకీయ వంత అప్పటికప్పుడు వేసే మాట. అంటే ధిక్కారంలో ఏ భాగాన్ని అమ్మలేమో ఆ భాగం. సెన్సారు కత్తెర పడకముందే ఈ కోత పడుతుంది.

ఎపిక్ ఒప్పందం

రేజ్ అగైనెస్ట్ ద మెషీన్ 1991లో లాస్ ఏంజెలెస్‌లో ఏర్పడింది. గాయకుడు జాక్ డి లా రోచా, గిటారిస్టు టామ్ మొరెల్లో, బేస్ గిటారిస్టు టిమ్ కామర్‌ఫర్డ్, డ్రమ్మర్ బ్రాడ్ విల్క్. మొదట 12 పాటల క్యాసెట్టును తామే తయారుచేసుకుని అమ్ముకున్నారు. సుమారు 5,000 ప్రతులు పోయాయి. ఆ క్యాసెట్టు పెద్ద కంపెనీల దృష్టిలో పడింది. సోనీ 1988లో కొనుక్కున్న సీబీఎస్ రికార్డ్స్ కుటుంబంలోని ఎపిక్‌తో వారు సంతకం చేశారు. పాటల మాటలు, అట్ట బొమ్మ, విడుదల తీరు వంటి వాటిపై తుది మాట తమదే కావాలన్నది వారి షరతు.

1992 నవంబరులో వచ్చిన తొలి ఆల్బం అట్ట చూస్తే ఆ షరతు ఎంతవరకు నిలిచిందో తెలుస్తుంది. 1963లో సైగాన్ నడివీధిలో బౌద్ధ భిక్షువు థిచ్ క్వాంగ్ డుక్ ఆత్మాహుతి చేసుకుంటున్నప్పుడు మాల్కం బ్రౌన్ తీసిన ఛాయాచిత్రం అది. సాధారణంగా ఏ వ్యాపారస్థుడూ తన సరుకు మీద అచ్చువేయని బొమ్మ. 1996, 1999లలో వచ్చిన తరువాతి ఆల్బంలు రెండూ అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరాయి. 1993లో ఫిలడెల్ఫియా వేదిక మీద బృందం పాడడం మాని, పాటల మీద ఆంక్షలకు నిరసనగా నగ్నంగా మౌనంగా నిలబడింది. 2000 జనవరిలో మైకేల్ మూర్ దర్శకత్వంలో న్యూయార్క్ వాల్ స్ట్రీట్‌లో వీడియో తీశారు.

సోనీ జీతగాళ్లన్న విమర్శకు మొరెల్లో చెప్పిన సమాధానం ప్రసిద్ధం. నోమ్ చోమ్‌స్కీ పుస్తకాలు పెద్ద పుస్తకాల దుకాణాల్లో అమ్మితే చోమ్‌స్కీ అభ్యంతరం చెప్పడు, జనం పుస్తకాలు కొనేది అక్కడే కాబట్టి, అన్నది ఆయన వాదం. ఈ వాదంలో బలం ఉంది. ఐదువేల క్యాసెట్లు చేరలేని చోట్లకు ఎపిక్ లారీలు చేరాయి. లోటూ ఉంది. 2009 డిసెంబరులో బ్రిటన్‌లో టీవీ పోటీ విజేత పాటకు పోటీగా శ్రోతలు ఉద్యమంగా ఈ బృందం పాత పాటను కొన్నారు. వారంలో 5 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడై అది క్రిస్మస్ పాటల్లో మొదటి స్థానానికి చేరింది. ఓడిన పాట కూడా సోనీ వారిదే. తమ వంతు రాబడిని బృందం నిరాశ్రయుల సంస్థకు ఇచ్చింది. శ్రోతల గెలుపు నిజమైనదే, రెండు వైపులా అమ్మకం మాత్రం ఒకే గల్లాపెట్టెలో పడింది.

పెద్ద కంపెనీతో ఇలా చేయి కలిపిన మరో ఉదాహరణా ఉంది. బ్రిటన్‌లోని అరాచకవాద బృందం చంబావంబా 1989లో ఇఎమ్ఐ కంపెనీకి వ్యతిరేకంగా వచ్చిన సంకలనంలో పాల్గొని, 1997లో అదే ఇఎమ్ఐలో చేరింది. తరువాత జనరల్ మోటార్స్ ప్రకటనకు తమ పాట ఇచ్చి, ఆ డబ్బును కార్పొరేట్ సంస్థలను నిలదీసే బృందాలకు పంచింది.

క్యాసెట్టు కాలం

తెలుగులో మరో దారిని చూపింది 1972లో బి. నర్సింగరావు, గద్దర్ ప్రభృతులతో మొదలైన జననాట్యమండలి. గోచీ, గొంగడి, కాలికి గజ్జెలు, చేత కర్రతో ఆ దళాలు ఆడిపాడాయి. క్యాసెట్టు వచ్చాక పాటకు కంపెనీ అవసరం తగ్గింది. ఇంట్లో రెండు టేప్ రికార్డర్లుంటే చాలు, ప్రతి తీసుకోవచ్చు. గ్రామఫోను కాలంలో కళాకారులకు లేని స్వేచ్ఛ ఇది.

అయినా సినిమా ఆకర్షణ పోలేదు. గౌతం ఘోష్ దర్శకత్వంలో నర్సింగరావు నిర్మించి 1980లో విడుదలైన మా భూమి చిత్రంలో గద్దర్ తెరమీద కనిపించి పాడిన పాట, తెలంగాణ సాయుధ పోరాట యోధుడు బండి యాదగిరిది. ఆ పాట జనంలో గద్దర్ పేరు మీదే నిలిచిపోయింది. రాసినవాడి పేరు పాటకంటే ముందే మరుగున పడడం ఉద్యమ సాహిత్యంలో తరచూ జరిగే అన్యాయం, దాన్ని సరిదిద్దాల్సిన బాధ్యత చరిత్రకారులది. 1995లో ఆర్. నారాయణమూర్తి నటించిన ఒరేయ్ రిక్షా చిత్రానికి గద్దర్ రాసిన అన్నాచెల్లెళ్ల పాటకు నంది పురస్కారం వస్తే ఆయన తిరస్కరించాడు. దాన్ని పాడిన వందేమాతరం శ్రీనివాస్ ప్రజానాట్యమండలి నుంచి వచ్చినవాడు. ప్రపంచీకరణలో పల్లె చితికిపోవడం మీద గోరటి వెంకన్న రాసిన పాటను 2002లో కుబుసం చిత్రంలో శ్రీనివాసే పాడాడు.

హక్కులు

రికార్డు ఒప్పందంలో సాధారణంగా కంపెనీ ముందస్తు సొమ్ము ఇస్తుంది, రికార్డింగు ఖర్చు రాబట్టుకున్నాక రాయల్టీ ఇస్తుంది, మూల ప్రతి మీద హక్కు తానుంచుకుంటుంది. పాటగాడికి మాట మీద స్వేచ్ఛ ఉన్నా, రికార్డు ఎవరికి అమ్మాలన్న నిర్ణయం చాలాసార్లు అతనిది కాదు. భారతదేశంలో సినిమా పాటల విషయంలో ఇది మరింత కఠినంగా ఉండేది. 1957 కాపీరైట్ చట్టాన్ని వ్యాఖ్యానిస్తూ 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో సినిమాకు రాసిన, కట్టిన పాటలపై నిర్మాతకే పైచేయి దక్కింది. 2012 సవరణ దీన్ని మార్చింది. పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీలో సమాన వాటా వచ్చింది. ఆ వాటాను వారసులకో కాపీరైట్ సంఘానికో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. ఎవరు కట్టారో తెలియని జానపద బాణీకి, సభలో పదిమంది కలిసి అల్లిన పల్లవికి ఈ చట్టంలో వాటాదారును చూపడం కష్టం. ఉద్యమ పాటల్లో చాలా భాగం ఆ కోవలోవే.

ధిక్కార గీతం సినిమా వైపు నడవడం ఆ తరంతో ఆగిపోలేదు. పొరుగున తమిళనాడులో దర్శకుడు పా. రంజిత్ చొరవతో ఏర్పడి 2018 జనవరిలో చెన్నైలో తొలి కచేరీ చేసిన ది కాస్ట్‌లెస్ కలెక్టివ్, ర్యాప్‌ను, రాక్‌ను, ఉత్తర చెన్నై గానా పాటను కలిపి కులవివక్ష మీద పాడింది. ఆ బృందంలోని ర్యాప్ గాయకుడు అరివు తరువాత సినిమా పాటల రచయితగా కూడా పేరు తెచ్చుకున్నాడు.