ప్రోటోకాలు సంఖ్యల చరిత్రము



మా గ్రామమున 47వ సర్వే నంబరు చెరువు క్రింది మాగాణి. 47వ యింటి నంబరు ఒక పెంకుటిల్లు. పొలము కొలువ వచ్చినవాడు ఆ యింటి తలుపు తట్టినచో నేమి ప్రయోజనము? సంఖ్య యొకటియే, పట్టికలు వేరు. ఈ భేదము నెఱుగక కొన్ని యేండ్ల క్రిందట మా మనుమడు రెండు దినముల పనిని పోగొట్టుకొనెను.

వాడు మా యింటనుండియే పట్టణమందలి తన కార్యాలయముతో వీపీఎన్ ద్వారా కలియవలసియుండెను. వీపీఎన్ అనగా ఇంటర్నెట్టను రాజమార్గమునందు ఇరువురు తమ నడుమ నేర్పఱచుకొను ప్రత్యేక మార్గము. ద్వారపాలకుడగు రూటరు దాని నడ్డగించెను. "47ను విడువుము" అని కార్యాలయమువారు తెలిపిరి. వాడు 47వ పోర్టును తెఱచెను, ఫలితము శూన్యము. తుదకు విసిగి, రూటరులోని వడపోత నంతటిని తొలగింపబోగా నేను వారించితిని. తాళము రాలేదని యింటి గోడ పడగొట్టుకొందురా? పిమ్మట నిద్దఱమును గూర్చుండి ఆ సంఖ్యల పుట్టుపూర్వోత్తరములను చదివితిమి.

ఇంటర్నెట్టున బోవు ప్రతి ప్యాకెట్టునకును మీద నొక చిరునామా పత్రముండును. 1981 సెప్టెంబరులో వెలువడిన ఆర్‌.ఎఫ్‌.సీ. 791 అను నియమపత్రము దాని స్వరూపమును నిర్ణయించెను. అందలి 8 బిట్ల గడి యొకటి లోపలి సరకు ఏ జాతిదో తెలుపును. 8 బిట్లలో 0 మొదలు 255 వఱకే పట్టును. ఇదియే ప్రోటోకాలు సంఖ్య. ఆ నెలలోనే వచ్చిన 790వ పత్రమున ఏ సంఖ్య దేనిదో పట్టిక యీయబడెను: ఐసీఎంపీకి 1, టీసీపీకి 6, యూడీపీకి 17. ఈ పత్రములను గూర్చినవాడు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పనిచేసిన జాన్ పోస్టెల్. గ్రామకరణము అడంగలు కాపాడినట్లు ఆయన యీ సంఖ్యల చిట్టాను పెక్కేండ్లు కాపాడి, 1998 అక్టోబరు 16న కాలధర్మము నొందెను.

పోర్టు సంగతి వేరు. అది టీసీపీ, యూడీపీల లోపలి పత్రమందలి 16 బిట్ల సంఖ్య. 65535 వఱకు సాగును. సరకు ఆ యంత్రమున ఏ పనికి చేరవలెనో అది తెలుపును. 1994లో ప్రకటింపబడిన జీఆర్ఈ పద్ధతికి ప్రోటోకాలు సంఖ్య 47. ఒక ప్యాకెట్టును మఱియొక దానిలో నిమిడ్చి పంపుటయే దాని పని. దానికి పోర్టులే లేవు. 1999లో ప్రకటింపబడిన పీపీటీపీ అను వీపీఎన్ పద్ధతి, మంతనములకు టీసీపీలోని 1723వ పోర్టును, సరకు మోయుటకు జీఆర్ఈని వాడును. కావున రెంటిని విడువవలెను.

1995 నాటి ఐపీసెక్ పద్ధతిలో ఈఎస్పీకి 50, ఏహెచ్‌కు 51 ప్రోటోకాలు సంఖ్యలు. తాళపుచెవుల మంతనమునకు యూడీపీ 500వ పోర్టు. ఇంటిల్లిపాదియు నొకే చిరునామాను పంచుకొనుచోట, పోర్టు లేని సరకు ఎవరిదో రూటరు గుర్తింపజాలదు. అందుచేత 2005లో ఈఎస్పీని యూడీపీ 4500వ పోర్టున నిమిడ్చి పంపు ఏర్పాటు ప్రకటింపబడెను.

మా మనుమడు ప్రోటోకాలు 47ను, టీసీపీ 1723ను కార్యాలయపు చిరునామాకు మాత్రమే విడువగా మార్గము తెఱచుకొనెను. పీపీటీపీ యొక్క గోప్యత బలహీనమని తేలినందున, క్రొత్తగా నేర్పఱచుకొనువారు దాని నాశ్రయింపరాదు.

సూత్రసంఖ్యతోపాటు అధ్యాయమును, పాదమును చెప్పుట పాణినీయుల యాచారము. రూటరు కడ గూర్చున్నవారును సంఖ్య విన్నంతనే, అది యే పట్టికలోనిదని మొదట నడుగవలెను.